ఫింగర్‌బోర్డు సందులను పూడ్చే ముందు

సంపాదకులు గారికి,

నమస్కారం. గిటార్ సంరక్షణపై మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. తీగలు మార్చడం, వాద్యాన్ని ఎండకు దూరంగా ఉంచడం, వాయించాక చెమట తుడవడం వంటి విషయాలను రచయిత కొత్తవారికి అర్థమయ్యేలా చక్కగా చెప్పారు. అయితే వ్యాసం చివర, ఫింగర్‌బోర్డు (మెడ మీద, తీగల కింద ఉండే చెక్క పలక) మీద ఎక్కడైనా చిన్న సందు గాని, పెచ్చు లేచిన గుంట గాని కనిపిస్తే అందులో కాస్త వంటసోడా నింపి, పైన ఒక చుక్క సూపర్ గ్లూ వేసి, ఆరాక శాండ్ పేపరుతో రుద్దితే సరిపోతుందని రాసిన రెండు వాక్యాలు నన్ను కలవరపెట్టాయి. ఇరవై ఏళ్లకు పైగా తీగ వాద్యాల మరమ్మతునే నమ్ముకుని బతుకుతున్నవాడిని. ఇలాంటి సలహా విని ఎవరో చేసిన పనిని సరిదిద్దడం కోసం నా బల్ల మీదికి చేరిన గిటార్లు ఒకటీ రెండూ కావు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ప్రచురించమని కోరుతున్నాను.

ఆ చిట్కా పూర్తిగా తప్పు కాదు, తప్పు చోటికి వచ్చి చేరింది. వంటసోడాకు క్షారగుణం ఉండడం వల్ల సూపర్ గ్లూ తగలగానే క్షణంలో గట్టిపడి రాయిలా బిగుసుకుంటుంది. మెడ కొసన తీగలు ఆనుకునే నట్‌లో ఒక గాడి అరిగి లోతైపోయి, ఆ తీగ మొదటి ఫ్రెట్‌కు (ఫింగర్‌బోర్డు మీద అడ్డంగా బిగించిన లోహపు పట్టీకి) తగిలి జిర్రుమంటున్నప్పుడు, కొత్త నట్ చేసేదాకా పని జరగడానికి ఈ మిశ్రమాన్ని గాడిలో నింపి మళ్లీ సన్నని ఆకురాయితో కోసుకోవడం మా వృత్తిలో అందరికీ తెలిసిందే. నట్ ఎముకతోనో ప్లాస్టిక్‌తోనో చేస్తారు, అది ఎక్కువగా తెల్లగానే ఉంటుంది, తేమకు పెద్దగా కదలదు. ఫింగర్‌బోర్డు అలాంటిది కాదు. అది చెక్క, అందులోనూ ఎక్కువగా ముదురు రంగు చెక్క; గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. నల్లని ఎబొనీ కర్ర మీద తెల్లని సోడా మచ్చ ఎంత రుద్దినా పోదు సరికదా, రుద్దినకొద్దీ చుట్టూ ఉన్న చెక్క అరిగి మచ్చ మాత్రం గట్టిగా మిట్టలా నిలబడుతుంది.

సందు కనిపించగానే దేనితో నింపాలని అడిగేవారే ఎక్కువ. అది ఏ సందు, ఎందుకు వచ్చింది అన్న ప్రశ్న దానికంటే ముందు రావాలి. ఫింగర్‌బోర్డు మీద అడ్డంగా కోసిన గాడుల వెడల్పు సుమారు 0.6 మిల్లీమీటర్లు. ఫ్రెట్ అడుగున గాడిలోకి దిగే రెక్క మందం దాదాపు అర మిల్లీమీటరు. ఆ రెక్కకు రెండు వైపులా ఉండే చిన్న చిన్న ముళ్లు గాడి గోడలను కరుచుకోవడం వల్లే ఫ్రెట్ కదలకుండా కూర్చుంటుంది. అంటే గాడి అంచున ఉన్న చెక్క చూపుకోసం ఉన్నది కాదు, ఫ్రెట్‌ను పట్టి ఉంచే పని చేస్తున్నది. స్థానాలు గుర్తుపట్టడానికి ముత్యపు చిప్పతో చేసిన చుక్క చుట్టూ ఉండే సన్నని సందుకు అలాంటి పనేమీ లేదు, అక్కడ కంటికి ఇంపుగా ఉంటే చాలు. బోర్డు పొడవునా నార (చెక్కలోని పోగుల దిశ) వెంబడి వచ్చిన బీట ఈ రెండింటికీ భిన్నమైనది, దాని వెనక తేమ సమస్య ఉంటుంది. మొదటి మూడు నాలుగు ఫ్రెట్ల మధ్య వేళ్ల కింద పడిన పల్లాలు ఏళ్ల తరబడి వాయించడం వల్ల అరిగినవి. తీగ నొక్కితే వేలికి ఇబ్బంది కలిగించనంతవరకు వాటిని నేను ముట్టుకోను, ముట్టుకోవద్దనే చెబుతాను. ఇన్ని రకాల వాటికి ఒకే చిట్కా ఎలా సరిపోతుంది?

వీటిలో నాకు ఎక్కువగా ఎదురయ్యేది పాత ఫ్రెట్లు తీసేటప్పుడు గాడి అంచున లేచే పెచ్చు. ఇది చాలావరకు తీసేవారి తొందర వల్ల వస్తుంది. ఫ్రెట్‌ను పటకారుతో పట్టుకుని ఒక్కసారిగా పైకి లాగితే, రెక్కకున్న ముళ్లు తమతోపాటు అంచు చెక్కను కూడా పొరలుపొరలుగా లేపుకుని వస్తాయి. ఎబొనీ పెళుసు కర్ర కాబట్టి అందులో ఇది మరీ ఎక్కువ. సరిగా తీయాలంటే ముందుగా ఫ్రెట్ వెంబడి రెండు వైపులా పదునైన కత్తి మొనతో సన్నగా గీత పెట్టాలి. తరువాత సోల్డరింగ్ ఐరన్ మొనను ఫ్రెట్ మీద నెమ్మదిగా నడిపిస్తూ వేడి చేయాలి; ఆ వేడికి లోపలి పాత జిగురు మెత్తబడుతుంది, చెక్క కూడా కాస్త పట్టు వదులుతుంది. అప్పుడు ముఖం చదునుగా అరగదీసిన నిప్పర్‌ను (కత్తిరించే పటకారును) ఒక చివర నుంచి ఫ్రెట్ కిందికి జొనిపి, లాగకుండా, కేవలం పిడులను దగ్గరికి నొక్కుతూ కొంచెం కొంచెంగా ముందుకు జరపాలి. నొక్కిన ప్రతిసారీ ఫ్రెట్ తనంతట తానే వెంట్రుకవాసి పైకి లేస్తుంది. ఒక్కో ఫ్రెట్‌కు రెండు మూడు నిమిషాలు పట్టినా ఆ సమయం వృథా కాదు, ఎందుకంటే పెచ్చు ఊడితే అది సరిచేయడానికి అరగంట పడుతుంది. పాత ఫెండర్ కంపెనీ గిటార్ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఆ కాలంలో వాటి ఫ్రెట్లను పైనుంచి కొట్టకుండా పక్కనుంచి గాడిలోకి తోసేవారు. అలాంటివాటిని పైకి లాగితే ముళ్లు గాడి పొడవునా చెక్కను చీల్చుకుంటూ వస్తాయి, వచ్చిన దారినే పక్కకు తోసి తీయడం మంచిది.

అంత జాగ్రత్త పడినా పెచ్చు లేస్తే, దాన్ని పారేయకూడదు. ఈ ఒక్క మాట పాఠకులకు చేరితే చాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది. ఆ చెక్కకు సరిగ్గా అతికే రంగు, నార, మెరుపు ప్రపంచంలో ఆ పెచ్చుకు తప్ప మరి దేనికీ లేవు. నేను ఫ్రెట్లు తీసేటప్పుడు బల్ల మీద తెల్ల కాగితం పరచి, పక్కనే మాస్కింగ్ టేపు ముక్కను జిగురు వైపు పైకి పెట్టి అంటిస్తాను. ఏ పెచ్చు ఊడినా దాన్ని ఆ టేపు మీద, అది వచ్చిన ఫ్రెట్ సంఖ్య పక్కన అంటించి ఉంచుతాను. ఈ మధ్య ఒక ఎబొనీ బోర్డు ఏడో ఫ్రెట్ దగ్గర నువ్వుగింజలో సగమంత పెచ్చు ఎగిరి ఎక్కడో పడింది. కింద కూర్చుని టార్చి వెలుతురులో వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది, దొరికింది. సూదిమొనతో దాన్ని తిప్పుతూ భూతద్దంలో చూస్తే విరిగిన అంచు మెట్టుమెట్టుగా ఉంది, అది బోర్డులోని మెట్లలో ఒకే ఒక దిశలో కూర్చుంటుంది. కూర్చున్నాక పైన చిన్న టెఫ్లాన్ ముక్క పెట్టి వేలితో నొక్కి, సూది చివర మోసుకొచ్చిన పలుచని సూపర్ గ్లూను అంచుకు తాకించాను. జిగురు తనంతట తానే సందులోకి పీల్చుకుపోయింది. ఆరాక సన్నని రంపంతో గాడిలోకి చేరిన జిగురును శుభ్రం చేసి, బ్లేడుతో పైభాగాన్ని గీకాను. ఆ గిటార్ యజమానికి ఏడో ఫ్రెట్ దగ్గర ఏదో జరిగిందని నేను చెబితే తప్ప తెలియలేదు, చూపించినా కనిపించలేదు.

పెచ్చు దొరకనప్పుడే చెక్కపొడి అవసరం పడుతుంది. ఇక్కడ సూపర్ గ్లూ గురించి ఒక మాట చెప్పాలి. 1942లో అమెరికాలో హ్యారీ కూవర్ బృందం తుపాకులకు పారదర్శకమైన గురి పరికరాలు చేయడానికి పరిశోధిస్తున్నప్పుడు ఈ రసాయనం వారి చేతికి వచ్చింది. ముట్టిన ప్రతిదానికీ అంటుకుపోతున్నదని అప్పట్లో పక్కన పెట్టేశారు. 1958లో గాని అది జిగురుగా మార్కెట్లోకి రాలేదు. గాలిలోనూ వస్తువు ఉపరితలం మీదా ఉండే తేమతో అది గట్టిపడుతుంది. పలుచగా ఉన్నప్పుడు ఇట్టే బిగుస్తుంది, మందంగా పోస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. కాబట్టి లోతైన గుంటను ఒకేసారి నింపకూడదు, పొర ఆరిన తరువాత పొర వేసుకుంటూ రావాలి. తొందరపడి త్వరగా ఆరబెట్టే స్ప్రే కొడితే నురగలాంటి తెల్లని బుడగలు లేస్తాయి, ఆ పూత పెళుసుగా తయారవుతుంది.

పొడి ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా ముఖ్యమే. చాలామంది ఫింగర్‌బోర్డును శాండ్ పేపరుతో రుద్దగా వచ్చిన దుమ్మునే పోగు చేసి వాడతారు. అందులో కాగితం నుంచి రాలిన గరుకు కణాలు ఉంటాయి, ఫ్రెట్లకు ఆకురాయి పెట్టిన రోజైతే లోహపు రజను కూడా ఉంటుంది. దానితో నింపిన సందు బూడిదరంగుకు తిరుగుతుంది. అదే జాతి కర్ర తుక్కు ముక్కను తీసుకుని బ్లేడుతో నిలువుగా గీకితే శుభ్రమైన పొడి వస్తుంది. ఎబొనీ విషయంలో ఎంత మెత్తని పొడి అయినా నల్లగానే కలిసిపోతుంది, అందుకే ఎబొనీ బోర్డు మరమ్మతుకు సులువు. రోజ్‌వుడ్ అలా కాదు. దాని మెత్తని పొడిలో పలుచని జిగురు పడగానే కాఫీరంగు కాస్తా దాదాపు నలుపుకు మారిపోతుంది, మన కళ్లముందే ఎర్రచాళ్ల మధ్య ఒక నల్లని గీత నిలబడుతుంది. దీనికి నేను చేసే ఉపాయం ఏమిటంటే, పొడికి బదులు కాస్త ముతకగా గీకిన పోగులను నార దిశలోనే పేర్చి, లేత భాగం నుంచి తీసిన పోగులు ఎక్కువ కలిపి, చుక్క చాలనుకున్నచోట అర చుక్క వేస్తాను. రంగు పూర్తిగా కలవకపోయినా ఆ కర్రలో సహజంగా ఉండే ముదురు చారలాగా అమరిపోతుంది. మేపుల్ బోర్డుకైతే పొడి జోలికే వెళ్లకూడదు. లేత కర్ర మీద ఏ పొడి జిగురైనా మురికి మచ్చలాగే కనిపిస్తుంది, పైగా దాని మీద లక్కర్ పూత ఉంటుంది, సూపర్ గ్లూ అజాగ్రత్తగా ఒలికితే ఆ పూత దెబ్బతింటుంది. అక్కడ చెక్క ముక్కతోనే పని చేయాలి.

వడ్రంగులు బల్లలకు, తలుపులకు వాడే తెల్ల జిగురులో పొడి కలిపి నింపినవి కూడా చూశాను. నీళ్లతో ఉన్న జిగురు ఆరేకొద్దీ కుంచించుకుపోయి సందు మళ్లీ పల్లమవుతుంది, మెరుగు పెట్టినా ఆ చోటు మందంగా, రబ్బరులా ఉండిపోతుంది. అంతకంటే ఇబ్బంది, ఆ సందులోకి మళ్లీ వేరే జిగురు దిగకుండా అడ్డుపడుతుంది. ముత్యపు చిప్ప పొదిగినచోట చుట్టూ ఉండే సందులకు నిదానంగా ఆరే ఎపాక్సీలో (రెండు భాగాలు కలిపి వాడే జిగురులో) ఎబొనీ పొడి గాని, నల్లరంగు గాని కలిపి వాడడం నాకు ఎప్పుడూ మేలు చేసింది. అది కుంచించుకోదు, మందంగా పోసినా లోపలిదాకా గట్టిపడుతుంది. అయిదు నిమిషాల్లో ఆరే రకం కొంచెం మెత్తగా ఉండిపోతుంది కాబట్టి ఆ పనికి నేను దాన్ని వాడను. ఒక రాత్రి ఆగలేకపోతే అసలు ఆ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

సందు వెడల్పు అర మిల్లీమీటరు దాటితే, అందులోనూ అది ఫ్రెట్‌ను పట్టి ఉంచవలసిన చోటైతే, పొడి, జిగురు కలిపిన లప్పం మీద నాకు నమ్మకం లేదు. అక్కడ చెక్కను చెక్కతోనే పూడ్చాలి. దెబ్బతిన్న అంచును పదునైన ఉలితో శుభ్రమైన చిన్న పల్లంగా చెక్కి, అదే జాతి కర్ర నుంచి అదే నార దిశలో కోసిన చీలికను అందులో కూర్చోబెట్టి, జిగురు ఆరాక చదును చేసి, గాడిని మళ్లీ రంపంతో తెరవాలి. నార దిశ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. కర్ర తేమకు ఉబ్బేది అడ్డంగానే, నిలువుగా దాదాపు కదలదు. నార అడ్డం తిరిగిన ముక్కను పెడితే, చుట్టూ ఉన్న చెక్క ఒక దిశలో, ముక్క మరో దిశలో కదిలి, ఏడాది తిరగకముందే అంచున వెంట్రుకంత గీత మళ్లీ పుడుతుంది. అప్పుడు జిగురుది తప్పని అంటారు.

ఫ్రెట్లు మొత్తం తీసేసి ఫ్రెట్‌లెస్ బేస్ (ఫ్రెట్లు లేని మంద్రస్వర గిటార్) చేసుకునేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. అమెరికన్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తన ఫెండర్ జాజ్ బేస్ ఫ్రెట్లు పీకేసి, గాడులను లప్పంతో నింపి, బోర్డు అంతటా పడవలకు పూసే ఎపాక్సీ పూసుకున్నారన్నది బేస్ వాయించేవారందరికీ తెలిసిన కథ, దాన్ని ఆదర్శంగా తీసుకుని లప్పం డబ్బా పట్టుకుని వచ్చే యువకులను నేను తరచూ చూస్తుంటాను. ఆయన వాడిన లోహపు చుట్టు తీగలు మెత్తని రోజ్‌వుడ్‌ను కొరికేస్తాయి కనుక ఆ పూత ఆయనకు అవసరమైంది. అయితే ఆ పనిని ఇప్పుడు చేసేవారికి మెత్తని లప్పం కంటే 0.6 మిల్లీమీటర్ల మందమున్న వెనీర్ (పలుచని చెక్క పొర) పట్టీలు మేలు. తీగల బిగువు మెడను ముందుకు వంచాలని చూస్తుంది, అప్పుడు ఫింగర్‌బోర్డు పైముఖం నొక్కుకుంటుంది; గాడుల్లో బిగుతుగా కూర్చున్న గట్టి పదార్థం ఉంటేనే ఆ నొక్కుడుకు ఎదురు నిలుస్తుంది. ఖాళీగా వదిలినా, మెత్తని లప్పం పెట్టినా మెడ ఎక్కువగా వంగి, ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండే లోహపు కడ్డీ) మీద భారం పడుతుంది. లేతరంగు మేపుల్ పట్టీలు పెట్టుకుంటే స్వరస్థానాలు గుర్తించడానికి గీతలుగానూ పనికొస్తాయి.

ఇక బీటల సంగతి. వ్యాసంలోని సలహా అన్నింటికంటే ఎక్కువ హాని చేసేది ఇక్కడే. ఒక సంగీత ఉపాధ్యాయురాలు తన అకౌస్టిక్ గిటార్‌ను నా దగ్గరికి తెచ్చారు. పొడి వాతావరణంలో ఎబొనీ బోర్డు చివరి భాగంలో, పద్నాలుగో ఫ్రెట్ నుంచి కొసదాకా, నార వెంబడి బీట వచ్చింది. ఆమె మొదట వెళ్లిన మరమ్మతు కేంద్రంలో అదే రోజు, ఆమె ఎదురుగానే, ఆ బీటలో సోడా కూరి సూపర్ గ్లూ పోసి పంపించారు. కొన్ని నెలలకు గాలిలో తేమ పెరిగింది. చెక్క ఉబ్బి బీట మూసుకోవాలని చూసింది, లోపల మాత్రం రాయిలాంటి పదార్థం మేకులా అడ్డుపడింది. మూసుకునే దారిలేక బీట పదో ఫ్రెట్ దాకా పాకింది. ఆమె గిటార్‌ను పెట్టెలోంచి తీసి నా ముందు పెట్టినప్పుడు నల్లని బోర్డు మధ్యలో సున్నం గీసినట్టున్న ఆ తెల్లని గీత, దాని చివర కొత్తగా నోరు తెరిచిన సన్నని పగులు చూసి నాకు చాలా బాధ కలిగింది. ఆమె ఇరవై రెండేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నది ఆ వాద్యంతోనే.

చేయవలసిన క్రమం దీనికి సరిగ్గా తలకిందులు. బీట చూడగానే జిగురు సీసా తీయకూడదు. ముందు ఆ గిటార్‌ను పెట్టెలో తేమనిచ్చే పరికరంతో పాటు ఉంచి, హైగ్రోమీటర్ (గాలిలో తేమను కొలిచే పరికరం) 45 నుంచి 55 శాతం మధ్య చూపేలా చూసుకుంటూ రెండు వారాలైనా వేచి ఉండాలి. ఆరిపోయిన చెక్క నెమ్మదిగా తేమ పీల్చుకుని తన వెడల్పుకు తాను తిరిగి వస్తుంది. చాలా బీటలు అప్పటికి వెంట్రుకంతకు మూసుకుపోతాయి, కొన్ని కనిపించకుండా పోతాయి. బోర్డు అంచున గుచ్చుకుంటున్న ఫ్రెట్ కొనలు కూడా చాలాసార్లు అప్పుడే లోపలికి సర్దుకుంటాయి, వాటికి ఆకురాయి పెట్టే పనే ఉండదు. మిగిలిన సందు ఎంతో అప్పుడే తెలుస్తుంది, నింపవలసింది దాన్నే. ఆ ఉపాధ్యాయురాలి గిటార్‌లో పాత సోడాను సన్నని బ్లేడుతో మూడు రోజులపాటు కొద్దికొద్దిగా గీకి తీశాను. తరువాత పదిహేడు రోజులు తేమలో ఉంచాను. మిగిలిన సందులోకి ఎబొనీ నుంచి వెంట్రుక మందాన చీల్చిన పోచను దింపి అతికించాను. గీత పూర్తిగా పోలేదు. దగ్గరగా చూస్తే ఆనవాలు తెలుస్తుంది. అయితే మళ్లీ పాకలేదు, రెండు పొడికాలాలు దాటింది.

నింపే ముందు చెక్క శుభ్రంగా ఉండాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, సగం మరమ్మతులు అక్కడే విఫలమవుతాయి. ఫింగర్‌బోర్డుకు నూనె రాసే అలవాటు చాలామందికి ఉంది. నూనె పట్టిన సందులో ఏ జిగురూ నిలవదు. రోజ్‌వుడ్ వంటి కర్రల్లో సహజంగానే నూనె ఉంటుంది, అందుకే జిగురుకు ముందు నాఫ్తాతో (త్వరగా ఆవిరైపోయే పెట్రోలియం ద్రావకంతో) తుడిచి ఆరనివ్వడం అవసరం; నూనె రాయడమన్నది మరమ్మతంతా పూర్తయ్యాకే. సూపర్ గ్లూ ఒలికితే అసిటోన్‌తో తుడిచేయవచ్చని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. అసిటోన్ ఆ జిగురును కరిగిస్తుంది నిజమే, దానితోపాటు బోర్డు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ బైండింగ్‌ను, మెడ మీది లక్కర్‌ను కూడా కరిగిస్తుంది. ఒలకకుండా ముందే సందుకు రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించుకోవడం ఒక నిమిషం పని.

ఆరాక రుద్దడం గురించి కూడా వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. ఫింగర్‌బోర్డు చదునైన బల్ల కాదు, చాలా గిటార్లలో అది అడ్డంగా విల్లులా వంగి ఉంటుంది; 9.5 అంగుళాల, 12 అంగుళాల వ్యాసార్ధం గల వంపులు సాధారణంగా కనిపిస్తాయి. వేలికి శాండ్ పేపర్ చుట్టుకుని ఒకే చోట రుద్దితే ఆ వంపులో గుంట పడుతుంది. నేను చేసే పద్ధతి సులువైనది: కొత్త బ్లేడు రెండు చివరలకూ ఒక పొర టేపు చుట్టి మధ్య భాగం మాత్రమే తెరిచి ఉంచుతాను. టేపు ఇరువైపులా మంచి చెక్క మీద జారుతుంటే, బ్లేడు మధ్యభాగం పైకి లేచి ఉన్న జిగురును మాత్రమే గీకుతుంది. అది టేపు మందానికి దిగాక టేపు తీసేసి చివరి గీకుళ్లు, ఆపైన 400, 600, 1000 నంబర్ల కాగితం నార వెంబడి. ఉక్కు ఊలు వాడేవారు ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌లను (తీగల కదలికను పట్టే అయస్కాంత భాగాలను) తప్పకుండా టేపుతో కప్పాలి, లేకపోతే దాని నలుసులు అయస్కాంతాలకు అంటుకుని మరి వదలవు.

ఆరోగ్యం గురించి ఒక్క మాటైనా లేకపోవడం ఆ వ్యాసంలో నాకు కనిపించిన పెద్ద లోపం. సూపర్ గ్లూ ఆవిర్లు కళ్లను, ముక్కును మండిస్తాయి. కిటికీలు తెరిచి పని చేయాలి. నూలు గుడ్డ మీద ఎక్కువ జిగురు ఒలికితే అది గబగబా గట్టిపడుతూ చర్మం కాలేంత వేడి పుట్టిస్తుంది, పొగ కూడా వస్తుంది, కాబట్టి ఒలికినదాన్ని పాత బనీను గుడ్డతో తుడవకూడదు. రోజ్‌వుడ్, ఎబొనీ పొడి కొందరికి దద్దుర్లు, ఉబ్బసం తెప్పిస్తుంది. మాస్కు లేకుండా వీటిని రుద్దకూడదు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు కూడా చదివే అనుబంధం అది.

ఇంత చిన్న సందుల గురించి ఇంత రాయడం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఈ బోర్డుల కర్ర మళ్లీ సులువుగా దొరికేది కాదు. బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతర్జాతీయ వాణిజ్యాన్ని సైటీస్ (ప్రమాదంలో ఉన్న జీవజాతుల వాణిజ్యాన్ని నియంత్రించే అంతర్జాతీయ) ఒప్పందం 1992లోనే నిలిపివేసింది. 2017 జనవరి 2 నుంచి డాల్బెర్జియా ప్రజాతికి చెందిన మిగతా రోజ్‌వుడ్‌లన్నీ కూడా అనుమతి పత్రాల పరిధిలోకి వచ్చాయి. బ్రెజిల్ రకం మినహా మిగిలిన వాటితో తయారైన సంగీత వాద్యాలకు 2019 నవంబరు 26 నుంచి సడలింపు దొరికినా, ముడి కర్రకు మాత్రం నియమాలు అలాగే ఉన్నాయి. కాబట్టి పాత గిటార్ మీద ఉన్న అసలు బోర్డును వీలైనంతకాలం నిలబెట్టుకోవడమే మార్గం. ఇప్పుడు మనం చేసే మరమ్మతును పదిహేనేళ్ల తరువాత మరెవరో మళ్లీ తెరవవలసి వస్తుంది. వారు ఫ్రెట్ మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టినప్పుడు ఆ వేడికి మనం వేసిన జిగురు పట్టు తప్పుతుంది, మన పెచ్చు మళ్లీ లేస్తుంది. ఎక్కడ ఏది వాడామో వారికి తెలిస్తే చేయి ఆచితూచి పెడతారు. నేను ప్రతి గిటార్‌కూ ఒక చిన్న చీటీ రాసి పెట్టెలో ఉంచుతాను: ఏ ఫ్రెట్ దగ్గర పెచ్చు అతికించాను, ఏ జిగురు వాడాను, ఏ తారీఖు. మరమ్మతు చేసేవారంతా ఈ పని చేయాలని, చేయించుకునేవారు అడిగి రాయించుకోవాలని నా విన్నపం.

ఆ రెండు వాక్యాలకు సవరణను వచ్చే ఆదివారం అనుబంధంలో ప్రచురించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. వ్యాసం చదివి ఇప్పటికే సోడా, జిగురు నింపినవారు కంగారుపడి దాన్ని స్క్రూడ్రైవర్‌తోనో, కత్తితోనో పెకలించే ప్రయత్నం చేయవద్దు. చుట్టూ ఉన్న మంచి చెక్క కూడా దానితో లేచివస్తుంది. అలాగే వదిలి, దాని మీద నూనె రాయకుండా, గిటార్‌ను తేమ సమంగా ఉండేచోట ఉంచి, అనుభవమున్న మరమ్మతుదారుకు చూపించండి. ఏ జిగురు వాడారో చెప్పండి, సీసా ఉంటే వెంట తీసుకువెళ్లండి. ఊడిన పెచ్చులు ఇంకా బల్ల మీదో, చెత్తబుట్టలోనో ఉంటే ఒక కాగితంలో మడిచి వాటిని కూడా తీసుకువెళ్లండి.

ఇట్లు,
తీగ వాద్యాల మరమ్మతు చేసే మీ పాఠకుడు